ముప్ఫై రెండో ముడి

పొడుగు గంట మోగింది. పన్నెండు. మా అమ్మాయి పెన్ను కింద పెట్టలేదు. వసారాలో మూడో స్తంభం పక్కనున్న చెక్కబల్ల మీద కూర్చున్న నాకు కిటికీ ఊచల సందులోంచి కనిపించేది ఇంతే, దాని ఎడమ భుజం, మోచెయ్యి, కాగితం మీద ఒక్కో వరుసా కిందికి జరిగే తెల్ల అట్టముక్క, వాటికి అవతల టీచరు బల్ల వెనక సగం మనిషి. ఆ సగం మనిషి సంగతి తరవాత. నా కాళ్ళకి జానెడు దూరంలో నేల మీద పసుపు గీత ఉంది. పొద్దున్నే హెడ్మాస్టరుగారు బూటు మొనతో ఆ గీత చూపించి, పరీక్ష అవుతుండగా తల్లిగానీ తండ్రిగానీ దీన్ని దాటితే ఆ పిల్ల పేపరు రద్దని ఒకటికి రెండుసార్లు చెప్పారు. అందుకని కాళ్ళు బల్ల కిందికి ముడుచుకుని కూర్చున్నాను. పొరపాటున నా చెప్పు జారి అటు పడినా దాటినట్టే అంటారేమో, ఎవరు చూడొచ్చారు. తొమ్మిదో తరగతి పిల్లలంతా ఒక్క ఊపున బయటపడ్డారు. సంచులు, నీళ్ళ సీసాలు, మూడోదానికి ఏం రాశావే అని అరుపులు. ఒక పిల్ల కిటికీలోకి తొంగిచూసి, నత్త ఇంకా రాస్తూనే ఉందే అంది పక్కపిల్లతో. ఇద్దరూ మూతులకి చేతులు అడ్డం పెట్టుకున్నారు. నవ్వండి తల్లీ. నాలుగేళ్ళుగా వింటున్న పేరే. మీకు మూడు గంటలు, నా నత్తకి నాలుగు. ఈ నాలుగో గంట ఎవరూ జాలిపడి ఇచ్చింది కాదు, పదకొండు నెలలు కాళ్ళరిగేలా తిరిగి వాళ్ళ చేతుల్లోంచి నేను గుంజుకున్నది.

వసారా ఖాళీ అయింది. గంట కొట్టే తాత కొడవలి తిప్పినట్టు చీపురు తిప్పుతూ కాగితం ముక్కలు ఊడుస్తున్నాడు. ఈ పరీక్షలు పోతే టీసీ చేతిలో పెడతారు. ఆ మాట దాచుకోలేదు వాళ్ళు, పోయినేడాదే మొహం మీద చెప్పారు. పదో తరగతిలో ఈ బడికి నూటికి నూరుమంది పాసని గేటు మీద మనిషెత్తు అక్షరాలతో బోర్డుంది. ఆ నూరు ఎలా వస్తుందో బోర్డు కింద నిలబడి ఏడ్చిన రోజున నాకు తెలిసింది. తొమ్మిదిలోనే జల్లెడ పడతారు. కిందికి రాలినవాళ్ళు ఈ బడి పిల్లలే కాదు, ఇక ఎవరు లెక్కపెడతారు వాళ్ళని. ఒక చెవి వినపడని పిల్లాణ్ణి చివరి బెంచీలో కూర్చోబెట్టి వినడం లేదని రాశారు. నత్తివల్ల నోరు విప్పని పిల్లకి నోటి పరీక్షలో సున్నా వేశారు. వాళ్ళిద్దరి టీసీలూ ఒకేరోజు వెళ్ళాయి, వాళ్ళ అమ్మలిద్దరూ నా కొట్టు ముందునుంచే నడిచి వెళ్ళారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా. ఆ రోజు నేను మిషను ఆపలేదు. తరవాతి వంతు నాదని తెలిసీ తల వంచుకుని కుట్టుకుంటూ కూర్చున్నాను. అదొక ముడి.

ముడులని ఎందుకన్నానో చెప్పాలి. మాది బట్టలు కుట్టే కొట్టు, వీధిలోకి తెరుచుకునే ఒకటే గది, రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల. కొలతల పుస్తకంలో అంకెలు మా అమ్మాయి చూస్తే తిరగబడతాయి. ఒకసారి ముప్ఫై ఆరుని అరవై మూడు చేసి ఒకాయన చొక్కాని డేరా చేసింది. ఆయన మంచివాడు, వేసుకుని చూపించి, ఇందులో మా ఆవిడకి కూడా చోటుందమ్మా అని నవ్వి పోయాడు. నేను నవ్వలేదు. ఆ రోజునుంచి అంకెలు మానేసి దారాలు పెట్టాను. మనిషికో దారం. ఒక కొస పట్టుకుని కొలిచి, భుజానికో ముడి, చేతికో ముడి, నడుముకొకటి, పొడుగుకొకటి, నాలుగు ముడులు వేసి ఆ దారం ఆ మనిషి గుడ్డకే కట్టేస్తాం. అప్పటినుంచి అది కత్తిరించిన గుడ్డ ఒక్కటి తప్పుపోలేదు. కళ్ళు మూసుకుని దారం తడిమి, ఇది పోస్టుమాస్టరుగారిది కదమ్మా, కాస్త ఒళ్ళు చేశాడే అంటుంది. అలాంటి పిల్లకి బుర్ర లేదన్నారు. నా సంచీలో ఉన్న నల్లదారం మాత్రం ఎవరి కొలతా కాదు. మర్చిపోకూడనిది జరిగినప్పుడల్లా ఒకటి చొప్పున, ముప్ఫై ఒక్క ముడులున్నాయి దానికి. మా ఇంట్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. కాగితం మీద రాసుకుంటే ఎవరైనా చదువుతారు, దారాన్ని ఎవరు చదువుతారు.

వేళ్ళకి తగిలిన ముడి ఏదో చూడకుండానే తెలుస్తుంది. ఇది ఆరో తరగతిది. సోషల్ పీరియడులో వరసగా లేచి పాఠం పైకి చదవాలి. దాని వంతు వచ్చింది. అక్షరాలు కదులుతున్నాయి మేడం అంది. కదులుతున్నాయా, అయితే ఎత్తుమీంచి చూడు సరిగ్గా కనపడతాయి అని బెంచీ ఎక్కించింది ఆవిడ. క్లాసంతా పగలబడి నవ్వింది. పీరియడు అయ్యేదాకా పుస్తకం పట్టుకుని నిలబడింది నా పిల్ల, రెండు వరసలు చదివింది. ఇంటికొచ్చి చెప్పలేదు. మోకాళ్ళు ఎందుకు వణుకుతున్నాయే అంటే ఆటల్లో పరిగెత్తానంది. మూడు నెలల తరవాత పక్కింటి పిల్ల చెప్పింది నాకు. ఇది ఏడో తరగతిది, నోటు పుస్తకం నిండా అడ్డంగా ఎర్ర సిరాతో బద్ధకం, తల్లి శ్రద్ధ తీసుకోవాలి. అప్పటినుంచే మా ఇంట్లో ఆవిడ పేరు ఎర్ర పెన్ను. ఇప్పుడా బల్ల వెనకున్న సగం మనిషి ఈవిడే. ఇది తల్లిదండ్రుల మీటింగుది, ఇరవైమంది అమ్మల మధ్య నన్ను లేపి, మీరెంతవరకు చదువుకున్నారు అని అడిగింది. ఏడు అన్నాను. ఆవిడ పక్క టీచరువైపు చూసి అదీ సంగతి అంది. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ రెండు మాటలకి నాకు తల కొట్టేసినట్టయింది. అత్తగారు కూడా అదే పాట, మా వంశంలో అందరూ ఒక్కసారి చూస్తే పట్టేసేవాళ్ళే, దీనికి నీ పోలికే వచ్చిందమ్మాయ్ అని. మా ఆయన బస్సు దిగి చొక్కా విప్పుతూ, పోనీలేవే, చేతిలో పనుంది కదా దానికి, కొట్లో కూర్చోబెట్టు అన్నాడు. చేతిలో పనుందని చదువు మానిపిస్తే, పని చేతకాని మీ చెల్లెళ్ళని మాత్రం ఎందుకు చదివించారయ్యా అన్నాను. రెండు రోజులు మాటల్లేవు.

తాత చీపురు గోడకి ఆనించి నావైపు చూశాడు. మంచినీళ్ళు కావాలా అమ్మాయ్ అన్నాడు. వద్దన్నాను. నీళ్ళు తాగితే లేవాల్సి వస్తుంది, లేస్తే కిటికీ కనపడదు. పన్నెండున్నరకి చిన్నపిల్లల భోజనాల గంట కొడతాడు కదా, ఆ గంటకి మా అమ్మాయి అలవాటుగా పెన్ను దించేస్తుందేమోనని నిన్ననే వచ్చి తాతని బతిమాలాను, చేత్తో పట్టుకుని మెల్లిగా కొట్టు బాబాయ్ అని. సరే అన్నాడు. మర్చిపోతాడు. పెన్నులు నాలుగిచ్చాను, నాలుగూ ఒకేసారి కక్కడం మానేస్తే? అట్టముక్కలు రెండిచ్చాను, ఒకటి గాలికి ఎగిరి ఎర్ర పెన్ను కాళ్ళ దగ్గర పడితే వంగి తెచ్చుకుంటుందా, భయపడి ఊరుకుంటుందా? పొద్దున సరిగ్గా తినలేదు. కళ్ళు తిరిగి బల్ల మూలకి కణత కొట్టుకుంటే ఈ గీత దాటకుండా నేనెలా వెళ్ళేది? ఆ ఫ్యాను చూడు, ఊగుతోంది, సరిగ్గా దాని నెత్తి మీదే ఉంది. లేదు, కొంచెం పక్కన. ఊడితే ఎర్ర పెన్ను బల్లకి దగ్గర. ఛీ, ఏమిటా ఆలోచన. ఛీ అనుకున్నానే గానీ ఇంకోసారి కూడా చూశాను, ఎంత దగ్గరో అని.

పోయిన చలికాలంలో ఆవిడ కోటు మా కొట్టుకే వచ్చింది, అస్తరు మార్చమని. ఎవరో పనమ్మాయి తెచ్చిచ్చింది, జేబులో ఎర్ర పెన్ను మూత ఉంది, దాన్నిబట్టి పోల్చుకున్నాను. అస్తరు లోపల చంక దగ్గర ఒక గుండుసూది వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది. చెయ్యెత్తి బోర్డు మీద రాసినప్పుడల్లా చురుక్కుమంటుంది, ఎక్కడో తెలియదు, డాక్టరుకి కూడా అంతుచిక్కదు. సూది వేళ్ళ మధ్య పెట్టుకుని అరగంట కూర్చున్నాను. వదల్లేదు. మంచితనం అనుకునేరు, కాదు. నా కుట్టుకి పేరుంది ఈ వీధిలో. ఆవిడ కోసం నా కుట్టు పాడు చేసుకోవడమా. అంతకన్నా మంచి సూది దొరుకుతుంది, ఓపిక పట్టు అని నాకు నేనే చెప్పుకుని, అస్తరు పట్టులా కుట్టి పంపించాను. ఆ సూది దొరకడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

ఆ కోటు రావడానికి చాలా ముందు, పదకొండు నెలల కిందట, ఒకామె గౌను పొట్టి చేయించుకోవడానికి వచ్చింది, చదువుల ఆఫీసులో గుమాస్తా. అంచుకి గుర్తు పెడుతుంటే మూలన మా అమ్మాయి అట్టలో చీలిక కోసుకుని పుస్తకం మీద జరుపుతూ చదువుకోవడం చూసింది. ఎవరు నేర్పారమ్మా అంది. ఎవరూ నేర్పలేదండీ, కాలరు అట్టకి కంత పెట్టి చూస్తే ఒక్క వరసే కనపడుతోందట, మిగతావి వచ్చి మీద పడటం లేదట అని చెప్పాను. బడిలో వాడనివ్వరా అంది. కాపీ చీటీ అని చింపి డబ్బాలో వేసిందండీ టీచరు అన్నాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది, గౌను సంగతి మర్చిపోయింది. ఇలాంటి పిల్లలకని ఒక పరీక్ష ఉందని, చేయించి కాగితం తెస్తే బడివాళ్ళు ఇచ్చి తీరాల్సినవి కొన్ని ఉన్నాయని, ఆ ఉత్తర్వు వచ్చి పదకొండేళ్ళయిందని చెప్పింది. పదకొండేళ్ళు. నా పిల్ల బళ్ళో చేరకముందే వచ్చింది. పరీక్ష చేసిన డాక్టరమ్మ దానిచేత రంగు దిమ్మలు పేర్పించి, కథ చదివి వినిపించి ప్రశ్నలడిగి, ఈ అమ్మాయికి తెలివి తక్కువ కాదండీ, నాకన్నా ఎక్కువే, అక్షరాలు అందే దారి వేరు అంతే అంది. అప్పుడు ఏడవలేదు నేను. హెడ్మాస్టరుగారి గదిలో ఏడ్చాను, ఆయన బీరువాలో వెతికి ఆ ఉత్తర్వున్న ఫైలు తీసినప్పుడు. దాని పిన్ను తుప్పు పట్టి కాగితానికి అంటుకుపోయింది. ఒక్కరు కూడా తిప్పి చూడలేదు. చెవి పిల్లాడూ, నత్తి పిల్లా, నా పిల్లా, ఇంకా పేర్లు తెలియనివాళ్ళూ అంతా ఆ తుప్పు కిందే ఉన్నారు పదకొండేళ్ళు. నా ఏడుపు చూసి ఆయన కంగారుపడి నీళ్ళ గ్లాసు జరిపారు. అది జాలి ఏడుపు కాదు సార్, మీ అందరి ముక్కులూ నేలకి రాయించాలనే ఏడుపు అని అనలేదు. ఆ కాగితానికి ఏడు నకళ్ళు తీయించి కొట్టు సొరుగులో పెట్టాను. నాలుగు ఇప్పటికే వెళ్ళిపోయాయి. చెవి పిల్లాడి అమ్మ రెండు పట్టుకెళ్ళింది, ఒకటి చినిగితే ఉంటుందని.

అనుమతి కాగితంలో నాలుగే ముక్కలు. ఒక గంట అదనం. ఒక్క వరసే కనపడే అట్ట వాడుకోవచ్చు. అక్షరాలు తప్పుపోయినందుకు మార్కులు కొయ్యరాదు. ఆ గంటసేపు ఒక టీచరు గదిలో ఉండాలి. ఏ టీచరో రాయలేదు. ఆ ఖాళీలో నేను వేలు పెట్టాను. డ్రిల్లు మాస్టరు ఖాళీగా ఉంటాడమ్మా, ఆయన్ని వేస్తాను అన్నారు హెడ్మాస్టరుగారు. వద్దు సార్, సోషల్ టీచర్ని వెయ్యండి, నాలుగు పరీక్షలకీ ఆవిడనే వెయ్యండి, మా అమ్మాయి ఆవిడకి బాగా తెలుసు కదా అన్నాను, వీలైనంత అమాయకంగా మొహం పెట్టి. ఆవిడ పన్నెండింటి బస్సుకి వెళ్ళాలమ్మా అన్నారు. ఒంటిగంటకి కూడా బస్సుంది సార్, మా ఆయనే నడుపుతాడు అన్నాను. ఆయన నావైపు కాసేపు చూసి రాసేశారు. కూర్చో మరి, ఎర్ర పెన్నూ. నా పిల్లని ఒక పీరియడంతా నిలబెట్టావు, నువ్వు నిలబడక్కర్లేదు, కుర్చీలో, ఫ్యాను కింద, హాయిగా కూర్చుని చూడు. ఒక్కో వరస చదవడానికి ఎంతసేపు పడుతుందో, ఎంత బలం కూడదీసుకోవాలో, రెప్ప వాల్చకుండా చూడు. ఇదే నా గుండుసూది.

భోజనాల గంట మోగింది. గట్టిగానే కొట్టాడు, మర్చిపోయాడు ముసలాయన. కొట్టాక గుర్తొచ్చి, నాలుక కరుచుకుని, మోగుతున్న గంటని రెండు చేతులతో కావిలించుకున్నాడు. మా అమ్మాయి తల కూడా ఎత్తలేదు. అట్ట ఒక వరస కిందికి జరిగింది. ఇంకొకటి. బంగారుతల్లి. ఏది ముంచుతుందోనని నేను కాపలా కాసుకున్నవన్నీ, పెన్నులు, అట్టలు, గంట, ఫ్యాను, అన్నీ గట్టెక్కాయి. అప్పుడు ఎర్ర పెన్ను కుర్చీ కిర్రుమంది. సగం మనిషి నిండు మనిషైంది. బల్ల చుట్టూ తిరిగి బెంచీల మధ్యకి వచ్చింది, చేతులు వెనక్కి కట్టుకుని, మా అమ్మాయి వెనకాల ఆగింది. ఏమీ చెయ్యలేదు. కాగితం లాక్కోలేదు, అట్ట ముట్టుకోలేదు, నోరు విప్పలేదు. ఊరికే నిలబడి చూసింది, నేను కోరుకున్నట్టే. తిరిగి వెళ్ళి కూర్చుంది. నేను ఊపిరి వదిలాను.

అట్ట కదలడం లేదు.

పెద్ద ప్రశ్న అయి ఉంటుంది, ఆలోచిస్తోంది అనుకున్నాను. వసారా గడియారంలో ముల్లు రెండు గడులు జరిగింది. మూడు. అట్ట అక్కడే ఉంది. దాని భుజం చెవిదాకా లేచిపోయింది. ఆ భుజం నాకు తెలుసు. కొన్ని నెలలు సోషల్ ఉన్న రోజున బడికి బయల్దేరేటప్పుడు అలాగే ఉండేది, చొక్కా సరిగ్గా కుట్టలేదేమోనని రెండుసార్లు విప్పి కుట్టాను నేను పిచ్చిదాన్ని. ఎడమచేతి బొటనవేలు పిడికిట్లో దాచుకుంది. నాలుగు నిమిషాలు. ఐదు. నిన్న సాయంత్రం గుండీలు కుడుతూ అంది, అమ్మా, ఆ గంటసేపు ఎవరున్నా పర్లేదు, ఆవిడ తప్ప. తల ఎత్తకుండా, దారం కొరుకుతూ అంది. అప్పటికి నేను హెడ్మాస్టరుగారి దగ్గరనుంచి వచ్చి రెండు గంటలైంది. మన చేతుల్లో ఏముందే, ఎవర్ని వేస్తే వాళ్ళే అన్నాను. దారం ఎక్కించడం చేతకానట్టు సూది బెజ్జంలోకి చూస్తూ అన్నాను. నాలుగేళ్ళు ఎవరినుంచి దాన్ని కాపాడాలనుకున్నానో ఆవిణ్ణి తెచ్చి దాని ఎదురుగా నేనే కూర్చోబెట్టాను. బెంచీ మీదికి ఆ రోజు ఆవిడ ఎక్కించింది, ఇవాళ నేనెక్కించాను. ఎర్ర పెన్నుకి కనీసం తెలియక చేశానని చెప్పుకోవడానికుంది. నాకేముంది. పదకొండు నెలలు తిరిగి తెచ్చిన గంటలో ఐదు నిమిషాలు, ఆరు, నా పగ తినేస్తోంది. సంచీలో నా వేళ్ళు వాటంతటవే దారం కొస పట్టుకున్నాయి. చూడకుండానే ఇంకో ముడి వేశాను. ముప్ఫై రెండు. ఇది ఎవరిదో దారానికి తెలియదు, నాకు తెలుసు.

లేచాను. తాత చెయ్యి అడ్డం పెట్టాడు. గీత, అమ్మాయ్, గీత అన్నాడు. వెనక్కి తిరిగి హెడ్మాస్టరుగారి గదికి పరిగెత్తి, డ్రిల్లు మాస్టర్ని పంపండి సార్, మా తండ్రే, ఆవిణ్ణి తీసెయ్యండి అని కాళ్ళ మీద పడదామనుకున్నాను. ఆ గది రెండో అంతస్తులో ఉంది, ఎక్కి దిగేసరికి ఇంకో పది నిమిషాలు, ఈలోపు ఇక్కడ ఏమవుతుందో. ఒక కాలు మెట్లవైపు, ఒక కాలు గీతవైపు పెట్టి నిలబడిపోయాను. అప్పుడు ఊచల సందులోంచి ఒక చెయ్యి పైకి లేవడం కనపడింది. మా అమ్మాయి చెయ్యి. నాలుగేళ్ళలో ఆ క్లాసులో అది ఎత్తిన మొదటి చెయ్యి అయి ఉంటుంది. ఎర్ర పెన్ను దగ్గరకి వెళ్ళి వంగింది. ఏదో చెప్పింది మా అమ్మాయి, పెదవులు కూడా కనపడలేదు నాకు, మెడ మాత్రం కదిలింది. ఆవిడ నిటారుగా అయింది. అరిచేస్తుంది, ఇప్పుడు పేపరు లాక్కుని బయటికి పొమ్మంటుంది, అయిపోయింది, నేనే చంపుకున్నాను అనుకున్నాను. ఆవిడ వెళ్ళి కుర్చీ ఎత్తుకుంది. కుర్చీతో గుమ్మం దాకా వచ్చింది, గడపకి అడ్డంగా వేసి, గదికి వీపు పెట్టి, వసారావైపు తిరిగి కూర్చుంది. అంటే నావైపు.

"నేను చూస్తుంటే రాయలేకపోతోందట," అంది, నాతోనో గాలితోనో తెలియకుండా.

కూర్చున్నాను. మా ఇద్దరి మధ్య పసుపు గీత. ఆవిణ్ణి ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. కోటు భుజం దగ్గర కుట్టు ఒకచోట వదులైంది, నాది కాదు ఆ కుట్టు, అంతకు ముందెవరిదో. నేను ఆవిడ భుజం మీదుగా కిటికీలోకి చూశాను. అట్ట ఒక వరస జరిగింది. ఆగింది. మళ్ళీ జరిగింది.

"నన్నే వెయ్యమని మీరే అడిగారట," అంది ఆవిడ.

"అవునండీ."

"మీ అమ్మాయికి తెలుసా?"

సంచీ దగ్గరికి లాక్కున్నాను. సూది ఎక్కడ గుచ్చాలో ఆవిడకీ తెలుసు. టీచర్లకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. కాసేపు ఆవిడ చేతి గడియారం చూసుకుంది, కోటు గుండీ తిప్పింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు అంది, ఎందరో ఆఫీసర్లయ్యారు తన పిల్లలు అంది. తరవాత అడక్కుండానే, గొంతు తగ్గించి, కోపంగానే అంది.

"క్లాసుకి యాభైమంది. ఒక్కొక్కళ్ళకీ ఒక్కో కొలత తీస్తూ కూర్చుంటే పాఠం ఎప్పుడు చెప్పేదమ్మా?"

"నేను తీస్తానండీ," అన్నాను. "ఈ బడి యూనిఫాంలు సగం నావే. గుడ్డ ఒకటే, రంగు ఒకటే. యాభైమందికీ యాభై కొలతలు. ఒకే కొలతకి కుట్టి, పట్టనివాళ్ళని ఒళ్ళు తగ్గించుకోమంటే నా కొట్టుకి ఎవరొస్తారు?"

ఆవిడ మొహంలో ఏదో కదిలింది. ఆనందించాను నేను, ఎందుకు అబద్ధం, ఆ ఒక్క క్షణం కోసం పదకొండు నెలలు తిరిగినా తక్కువే అనిపించింది. ఆవిడ కోటు గుండీ వదిలి, ఆ కొలత ఎలా తీయాలో నాకెవరూ నేర్పలేదు అంది. అడిగారా అన్నాను. ఆవిడ మళ్ళీ గడియారం చూసుకుంది. వెనక గదిలో కాగితం తిప్పిన చప్పుడైనప్పుడు ఇద్దరం ఒకేసారి తలలు కొంచెం పక్కకి వంచి విన్నాం. అది గమనించి ఇద్దరం మళ్ళీ సర్దుకుని కూర్చున్నాం.

ఒంటిగంటకి తాత వచ్చి, గంట కొట్టకుండా, ఒక వేలు చూపించాడు. ఆవిడ లోపలికి వెళ్ళి పేపరు తీసుకుంది. మా అమ్మాయి బయటికి వచ్చింది. బొటనవేలి మీద పెన్ను నొక్కిన గుంట ఎర్రగా ఉంది, బుగ్గ మీద సిరా. అయిపోయిందా అంటే, అంతా రాశానమ్మా, చివరిది సగం అంది. సగం. ఆ ఆరు నిమిషాలూ ఉంటే ఆ సగం కూడా అయ్యేది. అది చెప్పలేదు, నేనే లెక్క కట్టుకున్నాను. తరవాత వెనక్కి, గుమ్మంలో పేపరుకి దారం కడుతున్న ఆవిడవైపు చూసి, గొంతు దించి అంది.

"ఆవిణ్ణి ఎవరేశారమ్మా?"

ఆవిడకి వినపడింది. నేను నోరు తెరిచేలోపే, దారం ముడి బిగిస్తూ, తల ఎత్తకుండా, "నేనే అడిగి వేయించుకున్నాను," అంది. పేపరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నా ఒళ్ళు భగ్గుమంది. ముప్ఫై ఒక్క ముడులకీ లేని మంట. నన్ను కాపాడటానికి నువ్వెవరివి. నా పిల్ల ముందు నాకు నీ దయ కావాలా. నీకు రుణపడి ఇంటికెళ్ళమంటావా నన్ను. అంత తేలిగ్గా వదిలిపెడతానా నిన్ను.

అమ్మాయి చెయ్యి పట్టుకుని రెండో అంతస్తు ఎక్కాను. హెడ్మాస్టరుగారు డబ్బా విప్పుకుని తినబోతున్నారు. గుమ్మంలోనే, మా అమ్మాయి వినేలాగా, గట్టిగా చెప్పాను, ఇవాళ సోషల్ టీచర్ని వెయ్యమన్నది నేనే, దానివల్ల నా పిల్ల రాయలేకపోయింది, ఆ తప్పు నాది, రేపటినుంచి డ్రిల్లు మాస్టర్ని వెయ్యండి అని. నా చేతిలో దాని వేళ్ళు ఒక్కసారి బిగుసుకుని మళ్ళీ వదులయ్యాయి. నేను దానివైపు చూడలేదు. ఆయన చెంచా డబ్బాలో పెట్టి కుర్చీలో వెనక్కి వాలారు.

"అయితే పంతం తీరిందన్నమాట."

"తీరలేదు సార్. అందుకే మార్చమంటున్నాను."

మెట్లు దిగి గేటు దాకా నా ముందు నడిచింది అది. నూటికి నూరు బోర్డు కింద ఆగి, ఆకలేస్తోంది అని, డబ్బా కోసం నా సంచీలో చెయ్యి పెట్టింది. డబ్బాకి బదులు దారం చిక్కింది దాని వేళ్ళకి. బయటికి తీయలేదు. ఎండలోకి చూస్తూ, సంచీలోనే ఒక్కో ముడీ తడుముకుంటూ పోయింది, చకచకా, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా తప్పకుండా. నేను కదలకుండా నిలబడ్డాను.

"ముప్ఫై రెండు," అంది. "ఎవరి కొలతమ్మా ఇది, ఏనుగుదా?"

"నాదే."

నవ్వలేదు అది. చివరి ముడి దగ్గర వేలు ఆపి, ఇంకా బిగుసుకోని ఆ ముడిని కొంచెం అటూ ఇటూ కదిపింది.

"విప్పెయ్యనా?"

"ఉండనీ," అన్నాను. "ఇంకా మూడు పరీక్షలున్నాయి."